ఎవరూ తాగని నీళ్ళు

ఆ వేసవిలో నా రోజుకు రెండే భంగిమలు. పగలంతా తల వంచుకుని కూర్చోవడం, సాయంత్రం తల ఎత్తుకుని ఈదడం. రెండింటి మధ్యా మెడ నలిగిపోయింది.

కర్నూలులో ఒక స్కానింగ్ సెంటర్‌లో రిపోర్టులు టైపు చేస్తాను. డాక్టర్లు ఫిల్ములు చూస్తూ తమకు కనిపించినదంతా ఫోనులో చెప్పి రికార్డు చేసి పెడతారు. ఆ గొంతులు చెవుల్లో పెట్టుకుని నేను కీబోర్డు మీదికి వంగి కొడుతూ పోతాను. ఎవరి వెన్నులో ఏ పూస అరిగిందో, ఎవరి మెడలో ఏ నరం ఒత్తుకుపోయిందో అన్నీ నా వేళ్ళ మీదుగానే వెళతాయి. నా మెడ సంగతి మాత్రం కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కి, అక్షరం మీద వేలు పడిందో లేదో తెలియనంత అయ్యేదాకా పట్టించుకోలేదు. ఇంటికొచ్చి పుస్తకం తెరిస్తే దాన్ని కళ్ళ ఎత్తున పట్టుకునే ఓపిక ఉండేది కాదు. ఒళ్ళో పెట్టుకుంటే మళ్ళీ తల వంచాలి. చివరికి పుస్తకం మూసేసి, గోడకు ఆనుకుని ఫ్యాను చూస్తూ కూర్చునేదాన్ని.

ఎముకల డాక్టరు నా మెడను అటూ ఇటూ తిప్పి చూసి, "ఈత వచ్చునా?" అని అడిగాడు.

"వచ్చు" అన్నాను. అడిగిన వెంటనే వచ్చు అని చెప్పగలిగేవి నాకు ఎక్కువ లేవు.

నంద్యాల రోడ్డు వైపు, ఊరి చివర ఒక ఈతకొలను ఉంది. సాయంత్రం ఒక గంట ఆడవాళ్ళకు. ఆ గంటలో మగవాళ్ళను బయటికి పంపించేసి చుట్టూ పచ్చటి తెరలు దించుతారు. ట్యాంకర్లతో తెచ్చి నింపిన నీళ్ళు. ఎండకు కాగి సాయంత్రానికి, స్నానానికి కాచి చన్నీళ్ళు తొరిపినట్టు ఉండేవి. అయినా మెట్లు దిగి భుజాల దాకా మునిగితే నెత్తిమీది మూట ఎవరో దించి పక్కన పెట్టినట్టయ్యేది. అక్కడ నన్ను ఎవరూ ఏమీ అడగరు. రిపోర్టు అయిందా అనరు, సంబంధాలు చూస్తున్నారా అనరు. ఆ గంట కోసమే మిగతా రోజును ఈడ్చుకొచ్చేదాన్ని.

కానీ మెడనొప్పి తగ్గకపోగా పెరిగింది. రెండోసారి వెళ్ళినప్పుడు డాక్టరు నుదురు చిట్లించి, "ఎట్లా ఈదుతాండావో చూపించు" అన్నాడు. ఆయన గదిలో, నర్సు ముందు, కుర్చీలోంచి లేచి గడ్డం పైకెత్తి చేతులు ఆడించాను. నా చెవులు కాలిపోతున్నాయి. ఆయన పెన్ను కింద పెట్టి నవ్వాడు.

"తల ఎప్పుడూ నీళ్ళపైనే ఉంటాదా?"

"ఉంటుంది సార్."

"ఇంకేం. పగలు వంచి చంపుతాండావు, సాయంత్రం ఎత్తి చంపుతాండావు. మొహం నీళ్ళలో పెట్టి ఈదడం నేర్చుకో. ఎండాకాలం అయిపోయేలోగా వస్తే సరి. రాకపోతే ఈత మానేయాల్సిందే. అట్లా ఈదేదాని కంటే ఇంట్లో పండుకోవడం మేలు."

ఆ సంగతి చెబితే అమ్మ, "అయితే ఇప్పుడే మానేయరాదూ" అంది. ఆమె మాటలో కోపం లేదు. పొద్దున్నుంచి నిలబడి పనిచేసిన మనిషికి, ఇంకొకరు నొప్పి తగ్గించుకోవడానికి కూడా ఇంత కష్టపడడం అర్థం కాలేదు, అంతే. మానేస్తే నా రోజులో ఇంకేం మిగులుతుందో ఆమెకు చెప్పడం నాకు రాదు.

నా ఈత కోయిలకుంట్ల పక్కన మా పల్లెలో, తోటబావిలో నేర్చుకున్నది. నేర్పింది మా జేజి. నాయన వాళ్ళమ్మను మేము జేజి అంటాం. ఆమెకు ఈత రాదు. బావి మెట్ల మీద కూర్చుని, పాతచీర ఒక కొస నా నడుముకు కట్టి, రెండో కొస తన చేతికి చుట్టుకుని నన్ను నీళ్ళలోకి వదిలేది. నా తల మునిగిందంటే చాలు, చీర పట్టి లాగేసేది. "తలెత్తు, నోరు మూయి" అనే రెండు మాటలే ఆమె నేర్పిన ఈత మొత్తం. ఆ రెండు మాటలతోనే నేను బావి ఈ గోడ నుంచి ఆ గోడకు పోవడం నేర్చుకున్నాను. ఒకసారి నా పక్కనుంచే నీళ్ళపాము ఒకటి, అదీ తలెత్తుకునే, తాపీగా పోయింది. మా ఇద్దరి ఈతా ఒకటేనని అప్పుడు గర్వపడ్డాను.

కొలనులో నేర్పే మేడమ్ కడప మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. మెడలో ఈల ఉంటుంది గానీ దాన్ని ఊదగా చూడలేదు, గొంతే చాలు. అంతవరకూ నేను ఒక మూలన నా పాటికి నేను ఈదేదాన్ని. డాక్టరు మాట అన్నాక కూడా కొన్ని సాయంత్రాలు ఆమె చుట్టుపక్కలే తిరిగి, నోరు రాక వచ్చేశాను. చివరికి ఒకరోజు ఆమె మెట్లెక్కి పోతుంటే, వెనకనుంచి, వినపడితే వినపడింది లేకపోతే లేదన్నట్టుగా అడిగాను.

"ఓ, నీళ్ళపామువా! ఎప్పుడు అడుగుతావా అని చూస్తాండా" అంది.

నాకు అక్కడ ఆ పేరు ఉందని అప్పుడే తెలిసింది. తేలే చెక్కలు పట్టుకుని కాళ్ళు కొడుతున్న ఆడవాళ్ళు ఆగి నవ్వారు.

"ఉన్నమాటే పాపా" అంది వాళ్ళలో ఒకామె. పత్తికొండ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి, నోరు ఊరుకోదు. "నువ్వు తలెత్తుకుని సర్రున వస్తాంటే మేమే జరిగి దావ ఇస్తాండాం."

మేడమ్ నన్ను ఆ చివరి నుంచి ఈ చివరికి ఈదించి చూసింది. "చేతుల్లో బలం ఉండాది. తక్కెడ చూసినావా? ఒక తట్ట లేస్తే ఇంకో తట్ట దిగుతాది. నువ్వు తలెత్తుతావు, కాళ్ళు మునుగుతాయి. ఆ మునిగిన కాళ్ళను ఈడ్చుకుంటా పోతాండావు. అలిసిపోవా మరి?"

"అలిసిపోతాను మేడమ్" అన్నాను. ఆ మాట నన్ను అంత సూటిగా అడిగిన వాళ్ళు అంతవరకూ లేరు.

ఆమె చెప్పిన పద్ధతి వినడానికి కష్టమేమీ కాదు. మొహం నీళ్ళలో పెట్టి, కొలను అడుగున ఉన్న నల్లగీతను చూస్తూ పోవాలి. గాలి కావాలంటే తల ఎత్తకూడదు. ఒళ్ళు పక్కకు దొర్లితే దానితోపాటు మొహమూ తిరుగుతుంది. ఒక కన్ను నీళ్ళలో ఉండగానే నోటి మూలనుంచి గాలి లాక్కోవాలి. మళ్ళీ మొహం లోపలికి. లోపల ఉన్నంతసేపూ ఆ గాలిని కొంచెం కొంచెంగా నీళ్ళలోకే వదిలేస్తూ ఉండాలి.

నాకు చివరిది తప్ప అన్నీ వచ్చాయి. నల్లగీత మీద చూపు నిలిపాను. కట్టెదుంగలా పక్కకు దొర్లడమూ పట్టుబడింది. ముందుకు చాపిన చేతిని ఊరికే నీళ్ళ మీద కొట్టకుండా, మోచేయి వంచి నీళ్ళను వెనక్కి తోయడం కూడా నేర్చుకున్నాను. ఊపిరి దగ్గర మాత్రం ఆగిపోయాను. మొహం నీళ్ళలో పెట్టగానే పెదాలు వాటంతటవే బిగుసుకునేవి. బుగ్గలు ఉబ్బేవి. పక్కకు తిరిగిన ఆ రెప్పపాటులోనే లోపలి గాలి వదలాలి, కొత్త గాలి పీల్చాలి. రెండూ కుదరక గాభరాతో తల పైకి లేచేది. నీళ్ళపాము మళ్ళీ బయటికి వచ్చేది.

"ఊదు పాపా! పొయ్యి ఊదినట్లు ఊదు!" అని గట్టు మీద నుంచి మేడమ్ అరిచేది.

"ఆ పిల్ల పొయ్యి యాడ చూసింది మేడమ్, గ్యాసు ముట్టించేది కదా!" అనేది పత్తికొండామె.

"భయమా?" అని మేడమ్ ఒకరోజు దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. భయం లేదన్నాను. నిజంగానే లేదు. నా నోరు నా మాట ఎందుకు వినడం లేదో నాకే తెలియడం లేదు. నా మాట వినకపోవడం నోటికి కొత్త కాదు గానీ, మాట్లాడాల్సిన చోట మొరాయిస్తే సరే, ఇక్కడ ఎవరితోనూ మాట్లాడే పని కూడా లేదు కదా. ఆ వారమంతా కొలను నుంచి ఇంటికి వచ్చేసరికి మెట్లెక్కే శక్తి ఉండేది కాదు. కింది మెట్టు మీదే చెప్పుల సంచి పెట్టుకుని కాసేపు కూర్చుని లేచేదాన్ని.

"ఇంట్లో టబ్బులో నీళ్ళు పెట్టుకుని ఊది చూడు. ఆడ నిన్ను చూసి నగేవాళ్ళు ఉండరు" అంది మేడమ్.

చూసేవాళ్ళు ఉన్నారు. జేజి కంటి ఆపరేషన్ కోసం వచ్చి మా ఇంట్లోనే ఉంది. నల్లద్దాలు పెట్టుకుని వసారాలో మంచం మీద పొద్దంతా కూర్చునేది. వేళ తప్పకుండా కంట్లో చుక్కలు వేయాలి. మొహానికి నీళ్ళు తగలకూడదు కాబట్టి తడిగుడ్డతో తుడిచేవాళ్ళం.

ఆదివారం ఆమె కునుకు తీస్తోందనుకుని, వసారాలోనే పీట మీద టబ్బు పెట్టి, నిండా నీళ్ళు పోసి, దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. మొహం ముంచాను. పెదాలు బిగుసుకున్నాయి. కళ్ళు గట్టిగా మూసుకుని ఎలాగో ఒక్క బుడగ బయటికి తోశాను.

"ఏందే ఆ పని! నీళ్ళు ఎంగిలి చేస్తాండావు!"

ఉలిక్కిపడి తల ఎత్తాను. నోరు మూసుకున్నాను. చెంపల మీద నుంచి నీళ్ళు కారుతుంటే అలాగే గడ్డం పైకెత్తి, పెదాలు బిగించి ఉండిపోయాను. కొలనులో నేను ఎలా ఉంటానో సరిగ్గా అలాగే. మేడమ్ ఇన్నాళ్ళుగా పోట్లాడుతున్నది నాతో కాదు, జేజితోనని అప్పుడు అర్థమైంది.

"బావి కాడ కూడా ఇట్లే అరుస్తాంటివి కదా జేజీ" అన్నాను.

"అరవకపోతే? కలుపు తీసే ఆడోళ్ళు తాగేది ఆ నీళ్ళే. నువ్వు బుడబుడామని ఊది ఎంగిలి చేస్తే వాళ్ళేం తాగాల? మీ నాయన చిన్నప్పుడు ఒకతూరి పుక్కిలించి దాంట్లోనే ఉమ్మితే వీపు మీద చింతబరికె ఇరిగిపోయింది."

మా ఇంట్లో ఇప్పటికీ చెంబు పెదాలకు తగలకూడదు. ఆఫీసులో కూడా నేను సీసా ఎత్తి పోసుకునే తాగుతాను. అన్నం ఎంగిలైతే పశువుకు పెట్టవచ్చు. నీళ్ళు ఎంగిలైతే, అదీ వేసవిలో, అది మా వైపు తిట్టుతో పోయే తప్పు కాదు. అది చెప్పి నేర్పే సంగతి కూడా కాదు. ఈత కంటే ముందే ఒంటికి పట్టి ఉంటుంది.

డాక్టరు చెప్పింది, మేడమ్ చెప్పింది అంతా జేజికి విడమరచి చెప్పాను. ఆమె నల్లద్దాలు సర్దుకుంది.

"నా మొహానికి నీళ్ళు తగలకూడదంట. నీ మొహం నీళ్ళల్లోనించి తీయకూడదంట. ఏం డాక్టర్లో ఏమో! ఇద్దరం మార్చుకుంటే సరిపోతాది."

వంటింట్లోంచి అమ్మ తొంగిచూసి, "ఆ టబ్బు నీళ్ళు పారబోయొద్దు. రేపు కొళాయి రాదు" అని మళ్ళీ లోపలికి పోయింది.

"ఎంగిలి నీళ్ళు ఏం చేస్తావే?" అంది జేజి.

"కరేపాకు చెట్టుకు పోస్తా."

"చెట్టుకు ఎంగిలి లేదులే" అని జేజి మంచం మీద వాలింది. "ఊదుకో."

అప్పటినుంచి రోజూ పనికి పోయేముందు టబ్బులో ఊది, ఆ నీళ్ళు చెట్టుకు పోసేదాన్ని. కరేపాకు చెట్టు నిండా చిగురు పెట్టింది. టబ్బులో ఊదడం వచ్చేసింది. కొలనులోకి దిగితే మాత్రం మళ్ళీ మొదటికే. అన్ని నీళ్ళు చూడగానే నోటికి బావే గుర్తొచ్చేదేమో. ఎండాకాలం అయిపోవస్తోంది. సాయంత్రాలు మబ్బులు పడుతున్నాయి, దుమ్ము లేపి వాన మాత్రం కురవకుండా పోతున్నాయి. ఇక చాలు, డాక్టరు చెప్పేలోపు నేనే మానేద్దామని ఒకరోజు మేడమ్‌కు చెప్పడానికే పోయాను.

నా మాట అయ్యేలోపే ఆమె, "నీకు ఊదను రాదు. సరే. మూలగను వస్తాదా?" అంది.

"మూలగడమా?" అన్నాను.

"మెడనొప్పికి రాత్రిపూట మూలుగుతావు కదా, అట్లా. నోరు మూసుకునే మూలుగు. గాలి ముక్కులోంచి దానంతటదే పోతాది."

నోరు మూసుకునే. జేజి మాటా నిలిచింది, డాక్టరు మాటా నిలిచింది.

గట్టు పట్టుకుని మొహం నీళ్ళలో పెట్టి మూలిగాను. మొదట సన్నగా, ఎవరైనా వింటారేమో అన్నట్టు. బుడగలు చెంపలను రాసుకుంటూ చెవుల పక్కనుంచి పైకి పోయాయి. తల తిప్పి గాలి తీసుకుని మళ్ళీ పెట్టాను. ఈసారి గట్టిగా. ఇంట్లో నేను ఎప్పుడూ నోరు విడిచి మూలగలేదు. పక్కనే అమ్మ పడుకుని ఉంటుంది, లేచి కూర్చుంటుంది. నీళ్ళలో నా మూలుగు నా తలంతా నిండిపోయేంత పెద్దగా వినిపిస్తోంది. పైన ఉన్నవాళ్ళకు కొన్ని బుడగలు తప్ప ఏమీ తెలియదు. పొద్దున్నుంచి చెవుల్లో పడ్డ గొంతులు, అరిగిన పూసలు, ఒత్తుకుపోయిన నరాలు, బస్సులో నిలబడ్డ కాళ్ళు, అన్నిటికీ కలిపి మూలిగాను. మేడమ్ వచ్చి భుజం తట్టేదాకా మూలుగుతూనే ఉన్నాను.

"చాల్లే. రేపటికి కొంచెం మిగుల్చుకో" అంది.

ఆ తర్వాత కొద్దిరోజులకు రాయచోటిలో బంధువు ఒకరు చనిపోతే అమ్మ, నాయన ఇద్దరూ వెళ్ళారు. జేజిని ఒంటరిగా వదలలేను. ఈత వేళకే కంటిచుక్కలు కూడా వేయాలి. చుక్కల సీసా సంచిలో పెట్టుకుని, ఆమెను ఆటోలో కొలనుకు తీసుకుపోయాను. మేడమ్ గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీ వేసింది. జేజి కూర్చోకుండా నీళ్ళ వైపు చూస్తూ నిలబడిపోయింది.

"ఓయమ్మ, ఇన్ని నీళ్ళే!" అంది. ఆపరేషన్ అయిన కంటితో ఆమె అంత దూరం స్పష్టంగా చూడడం చాలాకాలానికి అదే మొదటిసారట.

నేను నీళ్ళలోకి దిగి గోడను కాలితో తన్ని బయలుదేరాను. మొహం లోపల. నల్లగీత నా కింద మెల్లగా జరుగుతోంది. మూలుగు, దొర్లు, గాలి. మూలుగు, దొర్లు, గాలి. కాళ్ళు మొదటిసారి వెనక తేలుతూ వస్తున్నాయి, ఈడ్చాల్సిన పని లేకుండా. సగం దూరం పోయాక, గాలి కోసం తిరిగినప్పుడు ఒక చెవిలో పడింది.

"తలెత్తే! ఒసే, తలెత్తు!"

నా మెడ వెనక నరాలు బిగిశాయి. నడుముకు చీర కట్టి ఉన్నట్టు, ఎవరో లాగబోతున్నట్టు పొట్ట లోపలికి పోయింది. ఒక్కసారి తల ఎత్తి "నాకేం కాలేదు జేజీ" అంటే అయిపోతుంది. కానీ ఇప్పుడు ఎత్తితే ఇక ఎప్పటికీ దించలేనని తెలుసు. మొహం లోపలికే తిప్పుకుని, బావిలో పిల్లగా ఉన్నప్పుడు ఆమె తిట్టినందుకు కూడా కలిపి, గట్టిగా మూలిగాను. వేళ్ళు గోడకు తగిలేదాకా నల్లగీత మీదినుంచి చూపు తీయలేదు.

తల బయటికి తీసేసరికి జేజి కొలను అంచుకు వచ్చేసింది. ఒక చేత్తో నల్లద్దాలు జారకుండా పట్టుకుంది. రెండో చేతికి తన కొంగే చుట్టుకుని ఉంది. మేడమ్ ఆమె రెట్ట పట్టుకుని ఆపుతోంది.

"ఏం కాలేదవ్వా. ఊపిరి వదుల్తాంది, అంతే" అంటోంది మేడమ్.

"నీళ్ళల్లోకా?"

"నీళ్ళల్లోకే."

"మరి ఈ నీళ్ళు ఎవురు తాగాల?"

"ఎవ్వురూ తాగరవ్వా. ఈదేదానికే ఇవి."

జేజి కొలను ఈ చివర నుంచి ఆ చివరకు తల తిప్పి చూసింది.

"ఉత్త ఈదేదానికే?"

పత్తికొండామె చెక్క పట్టుకుని గట్టు దగ్గరికి వచ్చింది. "మా కాడ టమాటా చేన్లకే నీళ్ళు లేవవ్వా" అంది, తన తప్పే అయినట్టు. జేజి పోయి కుర్చీలో కూర్చుంది. చేతికి చుట్టిన కొంగు విప్పలేదు. నేను గట్టెక్కి, చేతులు తుడుచుకుని, ఆమె తల వెనక్కి వాల్చి కంట్లో చుక్కలు వేశాను.

డాక్టరు దగ్గరికి పోయినప్పుడు వేళ్ళ తిమ్మిరి చాలావరకు తగ్గిందని చెప్పాను. మెడ మాత్రం సాయంత్రానికి ఇంకా బరువెక్కుతోంది. ఆయన తిప్పి చూసి, మళ్ళీ నిలబెట్టి చేతులు ఆడించమన్నాడు. ఈసారి తల దించి, పక్కకు తిప్పి చూపించాను. "మానొద్దులే, పోతా ఉండు" అన్నాడు. ఆ మాటకు ఎగిరి గంతేయాలనిపించలేదు. కింద మందుల షాపు దగ్గర బల్ల కనిపిస్తే కూర్చున్నాను, అంతే. లేచేసరికి చాలాసేపయింది.

జేజి కన్ను నయమయ్యాక చిన్నాయన వచ్చి ఆమెను తీసుకుపోయాడు. బస్సు ఎక్కించడానికి పొద్దున్నే బస్టాండుకు పోయాను. కిటికీ పక్క సీటులో సర్దుకుని కూర్చున్నాక ఆమె నన్ను దగ్గరికి రమ్మంది.

"ఆడ ఊదుకుంటే ఊదుకో. మన బావిలో మాత్రం ఊదాకు."

"ఊదను జేజీ" అన్నాను.

చుట్టూ బోర్లు పడ్డాక ఆ బావి ఎండిపోయి ఏళ్ళయింది. మెట్ల మీద కంపచెట్లు మొలిచి దిగడానికి కూడా దారి లేదు. ఆ సంగతి నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. ఆమె తల ఊపి, కొంగు సర్దుకుని ముందుకు తిరిగింది.

బస్సు కదిలాక నేను స్కానింగ్ సెంటర్ వైపు నడిచాను. అప్పటికే ఎండ ఎక్కింది. సాయంత్రానికి ఇంకా చాలాసేపు ఉంది.